వెనక బల్ల నుంచి బలిపీఠం దాకా

2025 మే 8న రోములో రాబర్ట్ ప్రివోస్ట్ పోప్‌గా ఎన్నికై పద్నాలుగో లియో అనే పేరు స్వీకరించారు. అమెరికాలో పుట్టినవారు ఆ పీఠం ఎక్కడం అదే మొదటిసారి. ఆ సంబరం సద్దుమణగకముందే వంశచరిత్ర పరిశోధకులు ఆయన తల్లి వైపు పత్రాలు వెలికితీశారు. పోప్ అమ్మమ్మ, తాతయ్య న్యూ ఆర్లీన్స్ నగరం ఏడో వార్డుకు చెందిన క్రియోల్ కుటుంబీకులు. పాత జనాభా లెక్కల్లో వారిని నల్లవారనో, మిశ్రమ సంతతి అనో రాశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ కుటుంబం షికాగోకు తరలిపోయింది. 1920 లెక్కల్లో అదే కుటుంబం తెల్లవారి జాబితాలో కనిపిస్తుంది. మనుషులు వాళ్లే. ఊరు మారింది, దాంతోపాటు కాగితం మీద రంగూ మారింది.

ఈ సంగతిని చాలామంది వేడుకగా చెప్పుకున్నారు. అందులో తప్పులేదు. అయితే వేడుక దగ్గరే ఆగితే అసలు ప్రశ్న మిగిలిపోతుంది. ఆ రోజుల్లో లూసియానా నుంచి ఉత్తరాదికి వెళ్లిన క్రియోల్ కుటుంబాలు ఎన్నో ఇలాగే రంగు గీత దాటాయి. వాటిలో చాలా మటుకు తరతరాలుగా కతోలిక కుటుంబాలే. ఒకే జ్ఞానస్నానం, ఒకే సత్ప్రసాదం అని బోధించే శ్రీసభ నీడన పుట్టి పెరిగినవారికి బిడ్డల భవిష్యత్తు కోసం తమ పుట్టుకను దాచుకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? చట్టాలు జాతుల మధ్య గోడలు కట్టినప్పుడు శ్రీసభ ఏ పక్కన నిలబడింది?

అమెరికా శ్రీసభ రెండు శతాబ్దాల అనుభవం ఒక విషయాన్ని రుజువు చేస్తోంది. గుడిలో చోటివ్వడం వేరు, పెత్తనంలో పాలివ్వడం వేరు. ఎవరికి గురుపట్టాభిషేకం దొరుకుతుంది, ఎవరి పాట పూజలో వినిపిస్తుంది, ఎవరి గుడి ముందుగా మూతపడుతుంది, డబ్బు లెక్క ఎవరి చేతిలో ఉంటుంది అన్న నాలుగు ప్రశ్నలకు దొరికే జవాబుల్లోనే సమానత్వం తేలుతుంది. కుల సమాజంలో వేళ్లూనుకున్న మన తెలుగు శ్రీసభకు కూడా ఈ నాలుగు ప్రశ్నలూ వర్తిస్తాయి.

జ్ఞానస్నానం దక్కింది, స్వేచ్ఛ దక్కలేదు

మేరీల్యాండ్‌లో యేసుసభ గురువులకు పొగాకు పండించే పెద్ద పెద్ద తోటలు ఉండేవి. వాటిలో చాకిరీ చేసింది బానిసలు. వారికి ఆ గురువులే జ్ఞానస్నానం ఇచ్చారు, ప్రార్థనలు నేర్పారు, పెళ్లిళ్లు జరిపించారు. 1838లో జార్జ్‌టౌన్ కళాశాల అప్పుల్లో కూరుకుపోయినప్పుడు, ఆ విశ్వాసుల్లోనే 272 మందిని లూసియానా తోటల యజమానులకు 1,15,000 డాలర్లకు అమ్మారు. కుటుంబాలను విడదీయరాదు, వారి మతాచరణకు అడ్డు రాకూడదు, వచ్చిన సొమ్ముతో అప్పు తీర్చరాదు అని రోములోని యేసుసభ పెద్దలు షరతులు పెట్టారు. అమ్మకాన్ని మాత్రం ఆపలేదు. ఆ షరతులూ గాలికిపోయాయి.

మరుసటి ఏడాదే, 1839లో, పోప్ పదహారో గ్రెగరీ బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ లేఖ విడుదల చేశారు. ఆ ఖండన సముద్రం దాటించి తెచ్చే వ్యాపారానికే గానీ, దేశంలో ఉన్న బానిసత్వానికి వర్తించదని చార్ల్‌స్టన్ పీఠాధిపతి జాన్ ఇంగ్లండ్ వ్యాఖ్యానించారు. పై నుంచి వచ్చిన మంచి మాటను కింద ఉన్న పెద్దలు తమకు అనుకూలంగా ఎలా కుదించుకుంటారో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో నల్లవారు దేశపౌరులు కాలేరని తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి రోజర్ టేనీ కూడా కతోలికుడే.

ఈ చరిత్రలో ఆనాటి నల్లజాతి కతోలికులు దిక్కులేక చేతులు కట్టుకుని నిలబడలేదన్నది మరచిపోకూడదు. బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రోజుల్లోనే, 1829లో, బాల్టిమోర్‌లో మేరీ ఎలిజబెత్ లాంగే నల్లజాతి స్త్రీల కోసం ఒబ్లేట్ సిస్టర్స్ ఆఫ్ ప్రావిడెన్స్ అనే కన్యస్త్రీల సభను నెలకొల్పారు. తెల్లవారి మఠాలు వారిని చేర్చుకోని కాలం అది. ఆ సిస్టర్లు నల్లజాతి పిల్లలకు చదువు చెప్పారు. 1842లో న్యూ ఆర్లీన్స్‌లో హెన్రియెట్ డెలిల్ అలాంటి సభనే ప్రారంభించారు. తలుపు మూసిన చోట వారు తమ ఇల్లు తామే కట్టుకున్నారు. ఆ దేశంలో శ్రీసభ పేరు నిలబెట్టినవారిలో వీరిని ముందు వరసలో చెప్పుకోవాలి.

ఒకే పీఠం, రెండు దారులు

బానిస తల్లికి పుట్టి అమెరికా శ్రీసభలో గురువులైన ఇద్దరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి నియమం బయటపడుతుంది. జేమ్స్ అగస్టీన్ హీలీ జార్జియాలో ఐరిష్ తోట యజమానికి, బానిస స్త్రీకి పుట్టారు. మేని ఛాయ తెలుపుకు దగ్గర. ఉత్తరాదిన చదివి 1854లో పారిస్‌లో గురువయ్యారు. 1875లో పోర్ట్‌లాండ్ పీఠాధిపతి అయ్యారు. ఆయన తమ్ముడు ప్యాట్రిక్ హీలీ, 272 మందిని అమ్మిన సొమ్ము ఆదుకున్న అదే జార్జ్‌టౌన్‌కు అధ్యక్షుడయ్యారు. లోకం వారిని ఐరిష్ వారిగా చూసింది. వారూ ఆ గుర్తింపుతోనే బతికారు.

అగస్టస్ టోల్టన్‌కు ఆ వెసులుబాటు లేదు. 1854లో మిస్సోరిలో బానిసగా పుట్టారు. అంతర్యుద్ధ కాలంలో తల్లి పిల్లలను వెంటబెట్టుకుని మిసిసిపీ నది దాటి ఇల్లినాయిలోని క్విన్సీ చేరింది. ఆ కుర్రవాడు గురువు కావాలనుకుంటే అమెరికాలో ఒక్క గురువిద్యాలయం కూడా చేర్చుకోలేదు. చివరికి రోములో చదివి, 1886 ఏప్రిల్ 24న సెయింట్ జాన్ లాటరన్ బసిలికాలో అభిషిక్తులయ్యారు. ఆఫ్రికాకు పంపిస్తారనుకుంటే అమెరికాకే పంపారు. క్విన్సీలో తోటి తెల్లజాతి గురువు అసూయను, అవమానాలను భరించి, షికాగో వెళ్లి నల్లవారి కోసం సెయింట్ మోనికా విచారణను నిర్మించారు. 1897లో వడదెబ్బకు 43వ ఏట కన్నుమూశారు. 2019లో శ్రీసభ ఆయనను పూజ్యులుగా ప్రకటించింది. అయినా ఇప్పటికీ ఆఫ్రికన్ అమెరికన్లలో ఒక్కరికీ పునీత పట్టం దక్కలేదు.

రంగు కనపడకపోతే పీఠం దక్కింది. కనపడితే గురువిద్యాలయం గడప కూడా దాటనివ్వలేదు. హీలీ సోదరులను నిందించడం న్యాయం కాదు. మనిషి తన మూలాన్ని మౌనంలో ఉంచితేనే ఎదగగలిగిన వ్యవస్థనే నిలదీయాలి.

వేరుగా ఉండటం, వేరుచేయడం

అమెరికా శ్రీసభలో జాతుల వారీ విచారణలు కొత్తవేమీ కావు. పందొమ్మిదో శతాబ్దంలో ఓడలు దిగిన జర్మన్లు, పోలిష్‌లు, ఇటాలియన్లు ఎవరి భాషలో వారు పూజ ప్రసంగాలు వినేందుకు సొంత విచారణలు కట్టుకున్నారు. కనుక నల్లవారికి వేరే గుడి ఉంటే తప్పేమిటని ఆ రోజుల్లో వాదించినవారున్నారు. ఇప్పుడూ ఆ వాదన వినిపిస్తుంది.

తేడా పెత్తనంలో ఉంది. పోలిష్ విచారణలో గురువు పోలిష్ మనిషి. బడి, పత్రిక, పరస్పర సహాయ సంఘం అన్నీ వారివే. ఆస్తి మీద, పాలన మీద తమ మాట చెల్లడం లేదనుకున్నప్పుడు వారిలో ఒక వర్గం 1897లో స్క్రాంటన్ నగరంలో శ్రీసభ నుంచే విడిపోయి సొంత సభ పెట్టుకుంది. నల్లవారికి వేరే విచారణ దొరికినా దాని మీద గురువు తెల్లవాడే. మిశ్రమ విచారణల్లో వారికి వెనక బల్లలు కేటాయించారు. సత్ప్రసాదం తెల్లవారంతా తీసుకున్నాక చివర్లో తీసుకోవాలి. నైట్స్ ఆఫ్ కొలంబస్ వంటి సంఘాలు రానివ్వకపోవడంతో 1909లో అలబామాలోని మొబీల్‌లో నైట్స్ ఆఫ్ పీటర్ క్లావర్ పుట్టింది. సొంత ఇష్టంతో వేరుగా ఉన్నవారు బలపడ్డారు. పరాయి ఆజ్ఞతో వేరు చేయబడ్డవారు ప్రతి మెట్టుకూ పోరాడాల్సి వచ్చింది.

ఆ పోరాటాన్ని ముందుగా సంఘటితం చేసింది విశ్వాసులే. బానిసగా పుట్టిన డేనియల్ రడ్ అనే పత్రికా సంపాదకుడు 1889 జనవరిలో వాషింగ్టన్‌లో తొలి నల్లజాతి కతోలికుల మహాసభ నిర్వహించారు. అక్కడ పూజ సమర్పించింది టోల్టన్. బడులు, ఉపాధి, నివాసం, కార్మిక సంఘాల్లో ప్రవేశం వంటి వాటి గురించి ఆ మహాసభ గొంతెత్తింది. 1891లో చార్ల్స్ అంకిల్స్ బాల్టిమోర్‌లో గురువయ్యారు. అమెరికా గడ్డ మీదనే అభిషేకం పొందిన తొలి నల్లజాతి గురువు ఆయనే. మిసిసిపీలో దైవవాక్కు సభవారు 1920లో నల్లజాతి యువకుల కోసం గురువిద్యాలయం తెరిచారు. అక్కడి నుంచి మొదటి నలుగురు గురువులు 1934లో బయటికొచ్చారు. ఆ దారిలోనే వచ్చిన హెరాల్డ్ పెర్రీ 1966లో న్యూ ఆర్లీన్స్ సహాయ పీఠాధిపతి అయ్యారు. హీలీ తర్వాత అమెరికాలో నల్లజాతి మూలాలున్న మరో పీఠాధిపతిని చూడటానికి 91 ఏళ్లు పట్టింది. నల్లవారిలో గురువులు కావాలన్న కోరిక లేదన్న మాటను ఈ తేదీలే ఖండిస్తున్నాయి. తలుపు తెరిచిన ప్రతిచోటా వారు వచ్చారు.

మాటకు మూల్యం చెల్లించినప్పుడే

పెద్దలు నిజంగా తలచుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి రెండు నగరాలు చాలు. సెయింట్ లూయిస్ అగ్రపీఠాధిపతి జోసెఫ్ రిట్టర్ 1947లో కతోలిక బడుల్లో వర్ణభేదాన్ని రద్దు చేశారు. వందలమంది తల్లిదండ్రులు సంఘంగా ఏర్పడి కోర్టుకెళ్తామని బెదిరించారు. అలా వెళ్తే వెలివేత తప్పదని ఆయన లేఖ చదివించారు. వారు వెనక్కి తగ్గారు. ప్రభుత్వ బడుల్లో వర్ణవిభజన చెల్లదని దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పడానికి ఏడేళ్ల ముందు మాట ఇది.

న్యూ ఆర్లీన్స్ కథ ఇంత సూటిగా సాగలేదు. అగ్రపీఠాధిపతి జోసెఫ్ రమ్మెల్ 1953లో గుడి బల్లల దగ్గర తెల్లవారికి, నల్లవారికి వేర్వేరని సూచించే పలకలు తీయించారు. 1955లో జెస్యూట్ బెండ్ అనే చోట విశ్వాసులు నల్లజాతి గురువును పూజ చేయనివ్వకపోతే ఆ గుడిలో పూజలే నిలిపివేశారు. వర్ణవిభజన పాపమని 1956లో లేఖ రాశారు. కానీ బడుల దగ్గరికొచ్చేసరికి వెనుకాడారు. చందాలు ఆగిపోతాయన్న భయం, రాజకీయ నాయకుల ఒత్తిడి ఆయన చేతులు కట్టేశాయి. చివరికి 1960లో ఆ నగరంలోని ప్రభుత్వ బడులే ముందుగా నల్లజాతి పిల్లలను చేర్చుకున్నాయి. కతోలిక బడులు 1962లో చేర్చుకున్నాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లో రమ్మెల్, ప్రతిఘటనకు నాయకత్వం వహించిన లియాండర్ పెరెజ్‌తో సహా ముగ్గురిని శ్రీసభ నుంచి వెలివేశారు. ఆ అడుగు ధైర్యమైనదే, కానీ ఆరేళ్లు ఆలస్యమైంది. పాపమని తెలిసిన దానికి గడువు ఇస్తే, ఆ గడువంతా పిల్లల బాల్యంలోంచే పోతుంది.

ఎవరి పాట, ఎవరి సంస్కృతి

1963లో రెండో వాటికన్ మహాసభ ఆరాధన మీద ఇచ్చిన శాసనం ప్రజల భాషలకు, సంస్కృతులకు పూజలో తావిచ్చింది. ఆ తర్వాత నల్లజాతి కతోలికులు ఇన్నాళ్లూ గుడి బయట పాడుకున్న ఆధ్యాత్మిక గీతాలను, గాస్పెల్ స్వరాలను బలిపీఠం దగ్గరికి తెచ్చారు. ఫాదర్ క్లారెన్స్ రివర్స్ స్వరపరచిన గీతాలు దారి తీశాయి. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన కొద్ది రోజులకే, నల్లజాతి గురువులు డెట్రాయిట్‌లో సమావేశమై తమ శ్రీసభ తెల్లజాతి వివక్ష వ్యవస్థగా ఉందని బహిరంగంగా ప్రకటించారు. లోపల ఉండి ఆ మాట అనడానికి ఎంత ప్రేమ, ఎంత బాధ ఉండాలి!

ఆ ప్రేమకు నిలువెత్తు రూపం సిస్టర్ తియా బోమన్. బానిసకు మనవరాలు. మిసిసిపీ రాష్ట్రంలో పెరిగి, తొమ్మిదేళ్ల వయసులో కతోలికురాలై, విస్కాన్సిన్‌లోని ఫ్రాన్సిస్కన్ మఠంలో ఏకైక నల్లజాతి కన్యస్త్రీగా చేరారు. 1989 జూన్‌లో, క్యాన్సర్ ఎముకల దాకా పాకిన స్థితిలో, చక్రాల కుర్చీలో వచ్చి దేశ పీఠాధిపతులందరి ఎదుట మాట్లాడారు. తాను సంపూర్ణమైన మనిషిగా, తన చరిత్రతో, పాటతో, నృత్యంతో సహా శ్రీసభలోకి వచ్చానని చెప్పారు. చివర్లో ఆ పీఠాధిపతులనే లేపి, చేతులు కలిపించి, పాడించారు. మరుసటి ఏడాది మార్చిలో కన్నుమూశారు.

ఆమె వాదనలో కీలకం ఒకటుంది. సంస్కృతిని గుడిలోకి రానివ్వడమంటే ఏడాదికి ఒకరోజు వేషధారణ, వంటకాల పండుగ జరపడం కాదు. ఆ సంస్కృతిలో పుట్టిన మనిషికి బోధించే అధికారం, నిర్ణయించే అధికారం ఇవ్వడం. లాటినో కతోలికుల అనుభవం కూడా ఇదే చెబుతోంది. ఈనాడు అమెరికా కతోలికుల్లో వారు మూడోవంతుకు పైగా ఉన్నారు. 1972లో మొదలైన ఎన్‌క్వెంత్రో సమావేశాలు 2018 నాటికి అయిదో దశకు చేరాయి. విచారణ స్థాయి నుంచి విశ్వాసులే చర్చించి ప్రాధాన్యాలు పైకి పంపే పద్ధతి వాటిది. పెద్దలు కిందికి దిగి వినడం ఒక పద్ధతిగా మారితే ఏం సాధ్యమో ఆ సమావేశాలు చూపించాయి.

కలపడం పేరిట మూయడం

వర్ణవిభజన పోయాక మరో రకం నష్టం మొదలైంది. రెండు విచారణలను కలపాలన్నప్పుడు చాలాచోట్ల మూతపడింది నల్లవారి గుడే, నల్లవారి బడే. వారు తెల్లవారి విచారణకు వెళ్లి కొత్తగా పరిచయం చేసుకోవాలి. తమ గాయకబృందం, తమ ఉపదేశులు, తరతరాల జ్ఞాపకాలు మాత్రం వెంట రావు. ఈ లెక్క ఇప్పటికీ ఆగలేదు. నల్లజాతి కతోలిక చరిత్రకు పుట్టినిల్లయిన బాల్టిమోర్ అగ్రపీఠం 2024లో నగర ప్రాంతంలోని 61 విచారణలను సగంకంటే తక్కువకు కుదించింది.

గుడికి వచ్చేవారు తగ్గినప్పుడు, కప్పులు కారుతున్నప్పుడు, గురువులు చాలనప్పుడు ఏం చేయమంటారని పెద్దలు అడుగుతారు. ఆ ఇబ్బంది నిజమే. కానీ జనం ఎందుకు తగ్గారన్నది కూడా అడగాలి. తెల్లవారు శివార్లకు తరలిపోయినప్పుడు శ్రీసభ పెట్టుబడి కూడా వారి వెంటే వెళ్లింది. ప్యూ పరిశోధన సంస్థ నివేదిక ప్రకారం, కతోలికులుగా పెరిగిన నల్లజాతి అమెరికన్లలో దాదాపు సగం మంది ఇప్పుడు తమను కతోలికులుగా చెప్పుకోవడం లేదు. దశాబ్దాలపాటు తమ మనుషులు బలిపీఠం దగ్గర కనపడని చోట ఆ బిడ్డలు నిలవాలని ఆశించడం అన్యాయం.

అమెరికా పీఠాధిపతులు 1979లో వర్ణవివక్ష పాపమని విస్తృతమైన లేఖ ఇచ్చారు. 2018లో మరో లేఖ ఇచ్చారు. 2020లో విల్టన్ గ్రెగరీ ఆఫ్రికన్ అమెరికన్లలో తొలి కార్డినల్ అయ్యారు. ఇవన్నీ విలువైనవే. అయితే లేఖకు లెక్క తోడైన చోటే మార్పు కనిపించింది. అమ్మకం చేయించిన గురువుల పేర్లున్న భవనాలకు జార్జ్‌టౌన్ 2017లో పేర్లు మార్చింది. ఒక భవనానికి అమ్ముడుపోయినవారి జాబితాలో మొదటి పేరైన ఐజాక్ హాకిన్స్ పేరు పెట్టింది. బానిసల వారసులకు ప్రవేశాల్లో ప్రాధాన్యం ప్రకటించింది. 2021లో యేసుసభవారు వారసులతో కలిసి ఒక ఫౌండేషన్ స్థాపించి, దానికి 10 కోట్ల డాలర్లు సమకూరుస్తామని మాటిచ్చారు. ఈ ప్రయత్నంలో లోపాలున్నాయని, ఆలస్యమవుతోందని వారసులే విమర్శిస్తున్నారు. ఆ విమర్శ చేసే హక్కు, బల్లకు అవతల కూర్చుని బేరమాడే హక్కు వారికి దక్కింది. ముందడుగు అంటే అదే.

మన విచారణలకు ఈ పాఠం

ఈ కథ చదివి అమెరికా తప్పులను లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం తెలుగు కతోలికులకు తగదు. పద్దెనిమిదో శతాబ్దంలో కర్నాటక మిషన్ గురువుల బోధతో కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలు విశ్వాసంలోకి వచ్చాయి. తర్వాతి కాలంలో మాల, మాదిగ పేటలు వేలాదిగా వచ్చాయి. జ్ఞానస్నానంతో పేరు మారింది గానీ, ఊళ్లో కులం గీత చెరగలేదు. పక్క రాష్ట్రం తమిళనాడులో తిరుచ్చి మేలపుదూరు కతోలిక శ్మశానంలో దళితుల సమాధులను వేరు చేస్తూ గోడ నిలిచింది. 2008 మార్చిలో ఎరైయూరులో దళిత కతోలికులు తమకు ప్రత్యేక విచారణ కావాలని అడిగిన గొడవ పోలీసు కాల్పుల దాకా వెళ్లి ఇద్దరి ప్రాణాలు తీసింది. అంతకు ముందే, 2003లో, తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ పోప్ రెండో జాన్ పాల్ కుల వివక్షను తప్పుపట్టారు.

భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబర్‌లో దళిత సాధికారత విధానాన్ని వెలువరించింది. దేశంలో ఉన్న సుమారు 1.9 కోట్ల కతోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులేనని, నాయకత్వంలో మాత్రం వారు అతి తక్కువని ఆ పత్రం ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు చిన్న విషయం కాదు. 2000లో మారంపూడి జోజి హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయినప్పుడు దేశంలోనే ఆ స్థానం అందుకున్న తొలి దళితుడిగా గుర్తింపు పొందారు. 2022 ఆగస్టు 27న అదే పీఠం నుంచి పూల అంతోని కార్డినల్ అయ్యారు. దేశంలో తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ ఆయనే. టోల్టన్ నుంచి విల్టన్ గ్రెగరీ దాకా సాగిన ప్రయాణం చదివినవారికి ఈ వార్తలో ఎంత బరువుందో అర్థమవుతుంది. ఒక్క ఎర్ర టోపీతో పని పూర్తికాదన్నదీ ఆ ప్రయాణమే నేర్పుతుంది.

సంస్కృతి విషయంలోనూ మనకు సొంత అనుభవం ఉంది. 1969లో భారతీయ పద్ధతిలో పూజ కోసం 12 అంశాలకు రోము అనుమతిచ్చింది. పాదరక్షలు విడవడం, హారతి, నేల మీద కూర్చోవడం వంటివి అందులో ఉన్నాయి. అవి భారతీయతే. కానీ సంస్కృతీకరణ పేరిట అగ్రకుల సంప్రదాయమే గుడిలోకి వస్తోందని, విశ్వాసుల్లో అత్యధికుల పాట, డప్పు, కథ బయటే ఉండిపోతున్నాయని దళిత వేదాంతులు అడిగారు. తియా బోమన్ అమెరికాలో అడిగిందీ అదే. దేశీయత అన్నప్పుడు ఏ పేట దేశీయత అన్నది తేల్చుకోవాలి.

తెలుగు మేత్రాసనాల నుంచి వెళ్లిన గురువులు, కన్యస్త్రీలు ఇవాళ అమెరికాలో పలు రాష్ట్రాల్లో సేవ చేస్తున్నారు. తమ రంగు, తమ ఉచ్చారణ కారణంగా చిన్నచూపు ఎదురైనప్పుడు వారికి అండగా నిలవాల్సిన బాధ్యత అక్కడి పీఠాధిపతులది. నల్లజాతి, లాటినో విచారణల్లో అడుగుపెట్టే ముందు టోల్టన్, లాంగే, రడ్‌ల చరిత్ర తెలుసుకోవాల్సిన బాధ్యత మనవారిది. కులం కళ్లజోడు పెట్టుకుని వెళ్లినవారు వర్ణాన్ని సరిగా చూడలేరు. అక్కడ నేర్చుకున్నది తిరిగి వచ్చాక ఇక్కడ ఆచరించగలిగితే, ఆ సేవకు రెండింతల ఫలం.

చేయాల్సింది ఏమిటి

మొదటిది గురువిద్యాలయం. ప్రతి మేత్రాసనం తమ గురువిద్యార్థుల్లో, విచారణకర్తల్లో, బడుల ప్రధానోపాధ్యాయుల్లో వెనకబడ్డ వర్గాలవారు ఎందరున్నారో ఏటా ప్రకటించాలి. అమెరికాలో అది వర్ణం లెక్క, మన దగ్గర కులం లెక్క. పేర్లు అక్కర్లేదు, సంఖ్యలు చాలు. దాచిన సంఖ్య ఎప్పటికీ మారదు. రెండోది విచారణ ఆర్థిక సభ. చందా ఇచ్చేవారిలో పేదలు ఉన్నప్పుడు ఖర్చు నిర్ణయించే బల్ల దగ్గర కూడా వారు ఉండాలి. మూడోది విలీనాలు, మూసివేతలు. గుడి మూయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు దాని భారం ఏ వర్గం మీద పడుతుందో ముందే లెక్కగట్టి, ఆ విశ్వాసుల సమ్మతి లేకుండా ముందుకు వెళ్లరాదు. నాలుగోది శ్మశానం. సమాధుల మధ్య గోడ ఉన్న విచారణకు దాన్ని తీసేదాకా పీఠాధిపతి పండుగ పూజకు వెళ్లకూడదు. జెస్యూట్ బెండ్‌లో రమ్మెల్ చేసింది అంతకంటే కఠినమైనది, అదే సరైనది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం తెలిసిందే. కులం, వర్ణం లెక్కలు తీస్తే ఐక్యత చెడుతుందంటారు. కానీ వెనక బల్ల ఏర్పాటు చేసిన రోజే ఐక్యత చెడింది. లెక్క తీయడం ఆ చీలికను కనపడేలా చేస్తుంది, అంతే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులకు షెడ్యూల్డ్ కుల హోదా నిరాకరించడం అన్యాయమని శ్రీసభ దశాబ్దాలుగా ప్రభుత్వాన్ని అడుగుతోంది. 2022లో దీనిపై ఏర్పాటైన బాలకృష్ణన్ కమిషన్ ముందు కూడా ఆ వాదన నిలిచింది. అది న్యాయమైన పోరాటం. మతం మారినా కులం పోదని ప్రభుత్వం ముందు వాదించే సంస్థ, తన గడప లోపల కులం లేదన్నట్టు నడుచుకోలేదు. బయట కోరిన న్యాయాన్ని లోపల అమలు చేసి చూపిస్తే ఆ వాదనకు కోర్టులోనూ, ప్రజల మనసులోనూ బలం పెరుగుతుంది.

టోల్టన్‌ను పూజ్యులని పిలిచినంత మాత్రాన ఆయనకు తలుపు మూసిన గురువిద్యాలయాల తప్పు తీరదు. నేడు అలాంటి కుర్రవాడు, మిసిసిపీ తీరంలోనైనా, గుంటూరు పల్లెలోనైనా, నంద్యాల పేటలోనైనా తలుపు తట్టినప్పుడు శ్రీసభ ఏం చేస్తుందన్నదే దాని పశ్చాత్తాపానికి పరీక్ష. ఆ కుర్రవాడిని చేర్చుకోవడం, అతని పాటను పూజలోకి రానివ్వడం, విచారణ తాళాలు అతని చేతికివ్వడం పెద్దల చేతిలో ఉన్న పనులు. ఈ ఏడాదే మొదలుపెట్టగలిగినవి.